సింహం నోట బెల్లిక్క మాట

మా ఊరు వెర్నోమాగస్‌లో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే నగరసభ మెట్లెక్కనక్కరలేదు. బెల్లిక్క కావడి దించేదాకా ఆగితే చాలు. ఊరి దిగువన తోపులో ఉన్న నీళ్ళతల్లి దివోనమ్మ ఊట నుంచి ఎగువ వీధుల్లోని పద్నాలుగు ఇళ్ళకు ఆమే నీళ్ళు మోసేది. రెండు బాల్చీలతో సరిపెట్టుకునే ఇల్లు నాలుగు అడిగిందంటే అత్తగారు దిగినట్టు. ఒకటి చాలందంటే మొగుడూ పెళ్ళాల మధ్య మాటల్లేవు, పొయ్యి వెలగలేదు అన్నట్టు. బెల్లిక్క లెక్క ఎప్పుడూ తప్పలేదు.

ఆమె కొలిమి దగ్గరి ఇనప కడ్డీలా నిటారుగా ఉండేది. నడుం వంచి నడవడం చేతకాని మనిషి. వయసు అడిగితే ముప్ఫై అయిదు అనేది. నాకు తెలిసి పదకొండేళ్ళపాటు ముప్ఫై అయిదే అంది. మొగుడు సెన్నో రోమన్ సైన్యంలో చేరి రైను నది ఒడ్డుకు వెళ్ళాడు. పాతికేళ్ళు కొలువు చేస్తే పౌరసత్వం ఇస్తారన్నారు. మొదటి ఏడు ఒక కబురు పంపాడు, తర్వాత లేదు. “ఆ నది నీళ్ళు తాగి మా ఊరి నీళ్ళు మర్చిపోయాడు” అని నవ్వేసేది. ఏడ్చి ఉంటే మా కళ్ళ ముందు మాత్రం కాదు. పిల్లల్లేరు. అత్తగారి కావడి భుజానికెత్తుకుంది, అంతే.

నేను రాతిపనివాణ్ణి. పేరు తస్కో. మా ముత్తాత రోమన్లతో యుద్ధం చేసి ఓడాడు, మా నాన్న వాళ్ళకు రోడ్డు వేశాడు, నేను వాళ్ళ అక్షరాలు చెక్కి రొట్టె తింటున్నాను. నా కొట్టు సరిగ్గా ఎక్కుడు దారి మధ్యలో ఉండటంతో బెల్లిక్క రోజూ అక్కడ కావడి దించి, నేను సగం చెక్కిన సమాధి రాయి మీద కూర్చుని అలుపు తీర్చుకునేది. ఎవరి రాయి మీద కూర్చుంటే వాళ్ళ చరిత్ర చెప్పేది. రాయి మీద నేను చెక్కేది ఒకటి, ఆమె చెప్పేది ఇంకొకటి. ఆమె చెప్పేదే బాగుండేది.

మా ఊరి పెద్ద లూసియస్ జూలియస్ సెవీరస్. పేరులో మూడు రోమన్ ముక్కలున్నా ఆయనా మాలాంటివాడే. ఇంట్లో తాత పేరు పెట్టి ఆటెపో అని పిలిచేవారు. బెల్లిక్క ఆ ఇంటికి నీళ్ళు పోస్తూ ఆయన్ని చిన్నప్పుడు చంకనెత్తుకుంది కాబట్టి మూడు ముక్కల జోలికి వెళ్ళకుండా ఆ ఒక్క ముక్కతోనే సరిపెట్టుకునేది. ఈ సెవీరస్ ఒక ఏడు మా సీమ రాజధాని లుగ్దునం వెళ్ళి, అక్కడి వీధుల్లో నీళ్ళు చిమ్మడం చూసి, మతిపోయి తిరిగొచ్చాడు. కొండల్లోంచి తొమ్మిది మైళ్ళ కాలవ కట్టించి మన ఊరి నడిబొడ్డున ఫౌంటెన్ పెట్టిస్తానని సభలో ప్రకటించాడు.

ఆ సాయంత్రమే బెల్లిక్క నా కొట్టుకొచ్చింది.

“తొమ్మిది మైళ్ళ నుంచి నీళ్ళు తెస్తాడంట, విన్నావా? కాళ్ళ దగ్గర ఊట పెట్టుకుని.”

“ఊట దిగువనుందక్కా. నీళ్ళు పైకెక్కవు కదా.”

“నేనెక్కట్లా?”

నేను ఉలి అందుకున్నాను.

“గొట్టంలో పడుకుని వచ్చే నీళ్ళకి ఒళ్ళంతా బద్ధకమేరా” అంది. “ఆ నీళ్ళు తాగితే ఊరంతా మధ్యాహ్నం దాకా లేవదు. చూస్తూండు.”

కాలవ కొలవడానికి దక్షిణాది నుంచి నోనియస్ అని ఒకాయన వచ్చాడు. పొట్టి మనిషి, సైన్యంలో వంతెనలు కట్టినవాడు. పొడవాటి బల్ల ఒకటి మోయించుకొచ్చి, దాని పైన గాడిలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళు ఎటు ఒరుగుతాయో ఒంటికన్ను పెట్టి చూసేవాడు. మాకు అది పెద్ద వినోదం. బెల్లిక్క కావడి దించి మరీ చూసింది. “నీళ్ళు ఎలా పోవాలో నీళ్ళనే అడుగుతున్నాడు. మొత్తానికి వీడికి బుర్రుంది” అని మెచ్చుకుంది. అయినా ఆయనకు మట్టం పంతులని పేరు పెట్టి ఊరంతా పాకించింది.

రెండేళ్ళు పట్టింది. కొండ పొడుగునా రైతుల పొలాలు తవ్వారు, వాళ్ళ ఎద్దులతోనే రాళ్ళు లాగించారు. ఊళ్ళో మేం ఆ బాధ ఎరగం. మా బాధల్లా దుమ్మే.

ఒకరోజు పొద్దున్న బెల్లిక్క వచ్చి కూర్చుని, ఉన్ని వ్యాపారి పెళ్ళాన్ని అనుకరిస్తూ మూతి తిప్పింది. “‘వచ్చే నెల నుంచి నీళ్ళొద్దులే బెల్లిక్కా. మా వీధి చివరికే వస్తున్నాయిగా’ అంది మహాతల్లి. నేను తెచ్చిన నీళ్ళతో ఆరుగురు పిల్లలకి పురుడు పోసుకుంది.” చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ రోజు ఆమె కూర్చున్న రాయి ఎవరిదో అడగలేదు. చరిత్రా చెప్పలేదు. నీళ్ళు వేడెక్కేదాకా అలాగే కూర్చుని, లేచి వెళ్ళిపోయింది.

ఫౌంటెన్ రాయి నాకే అప్పగించారు. వెనక నిలువెత్తు గోడ, గోడకు సింహం తల, కింద తొట్టి, పైన నా అక్షరాలు. బెల్లిక్కకు చదువు రాదు. అక్షరాల మీద ఎర్ర రంగు పూస్తుంటే వచ్చి నిలబడింది.

“ఏం రాశావో చదువు.”

“చక్రవర్తి ఆయురారోగ్యాల కోసం, లూసియస్ జూలియస్ సెవీరస్, తన సొంత సొమ్ముతో, ఈ ఊరి జనానికి ఈ నీళ్ళు ఇచ్చాడు.”

“నీళ్ళు ఆటెపో ఇచ్చాడా?”

“అలా రాయమన్నారక్కా.”

“మరి దివోనమ్మ పేరెక్కడ?”

“లేదు.”

“నీళ్ళమీద నీళ్ళతల్లి పేరు లేకుండా మిగతా అందరి పేర్లూ రాశావు. భేషుగ్గా ఉంది” అని కావడి ఎత్తుకుంది.

నీళ్ళు వదిలే ముహూర్తం ఆగస్టు ఒకటో తేదీ. అది చక్రవర్తి పండగ. మా తాతల కాలంలో అదే రోజు లూగు దేవుడి పండగ. దేవుడు మారినా పంది మాంసం మారలేదు కాబట్టి మాకు ఇబ్బంది లేదు. రెండు రోజుల ముందు నోనియస్ పరీక్షకని వదిలితే నీళ్ళు బుసబుసలాడుతూ వచ్చాయి. సెవీరస్ సింహం తలను ప్రేమగా నిమిరాడు. పండగ పొద్దున్న చూస్తే సింహం నోట్లో సాలెపురుగు ఉంది. నీళ్ళు లేవు.

నోనియస్ గుర్రమెక్కి కాలవ వెంట కొండకేసి పరిగెత్తించాడు. లుగ్దునం నుంచి వచ్చిన పెద్ద అధికారి అప్పటికే సెవీరస్ ఇంట్లో ఫలహారం చేస్తున్నాడు. మూడు పొరుగు ఊళ్ళ పెద్దలు బళ్ళు దిగుతున్నారు. సెవీరస్ టోగా చెంగు చేత్తో ఎత్తిపట్టుకుని గోడ వెనక్కి వచ్చాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. నేను రంగు గిన్నెతో అక్కడే ఉన్నాను. బెల్లిక్క కూడా ఉంది. ఆమె ఎందుకొచ్చిందో అడగలేదు, కానీ నీళ్ళు రాకపోవడం చూసి ఏడవలేదని మాత్రం చెప్పగలను.

“బెల్లిక్కా, పరువు పోయేట్టుంది” అన్నాడు సెవీరస్, మా భాషలో. భయమేస్తే ఆయనకు లాటిన్ రాదు.

ఆమె గోడ వెనక పైన కట్టిన మూత తొట్టిని చూసింది. కాలవ నీళ్ళు అందులో పడి, అక్కడి నుంచి సీసపు గొట్టంలోంచి సింహం నోటికి వస్తాయి. నిచ్చెన కూడా వేసే ఉంది.

“ఇందులో పోస్తే అటు వస్తాయా?”

“వస్తాయి.”

“ఎంతసేపు రావాలి?”

“నా ఉపన్యాసం అయ్యేదాకా.”

“అది ఎంతసేపు?”

సెవీరస్ తల గోక్కున్నాడు. “కొంచెం పెద్దదే.”

“దివోనమ్మ పేరు రాయి మీదకెక్కిస్తావా?”

“ఈ గొడవలో పేర్లేంటి బెల్లిక్కా? చూద్దాంలే.”

చూద్దాంలే అంటే ఏమిటో ప్రపంచంలో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా ఆమె కావడి ఎత్తుకుని, ఊరి నీళ్ళావిడలు అయిదుగుర్నీ కేకేసి, తోపు వైపు దారి తీసింది. ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత అడిగాను. “పొరుగూరి వాళ్ళ ముందు వెధవయ్యేది ఆటెపో ఒక్కడేనా? మనం కూడా కదరా” అంది.

తొట్టి నిండింది. బాకా ఊదారు. సింహం నోట్లోంచి నీళ్ళు ధారగా దూకాయి. జనం అరిచారు. అధికారి తల పంకించాడు. సెవీరస్ ఉపన్యాసం మొదలుపెట్టాడు.

ఉపన్యాసం లాటిన్‌లో. మాలో ముప్పాతిక మందికి అర్థం కాదు. అధికారి తల పంకించినప్పుడల్లా చప్పట్లు కొట్టాం. రోమ్ నగరం పుట్టుక దగ్గర మొదలైంది. గోడ వెనక ఆరుగురు ఆడవాళ్ళు ఎండలో ఊటకూ నిచ్చెనకూ మధ్య పరిగెడుతున్నారు. నేను గోడ పక్కన నిలబడి రెండు వైపులా చూస్తున్నాను. సెవీరస్ యుద్ధాల దాకా వచ్చేసరికి ధార తాడంత అయింది. తన తాత గొప్పతనం దగ్గరకొచ్చేసరికి దారమంత అయింది. తనను గురించి మొదలుపెట్టేసరికి సింహం చుక్కలు కార్చింది. తర్వాత అదీ లేదు. మిగతా అయిదుగురూ ఊట దగ్గరే ఉన్నారు. నిచ్చెన మీద బెల్లిక్క ఒక్కతే, తొట్టిలో తలపెట్టి అడుగు చూస్తోంది. చూసి, విసుగొచ్చి, తనలో తాను అనుకున్నట్టే అంది. అయితే గొట్టం ఖాళీగా ఉందని ఆమెకు తట్టలేదు.

సింహం నోరు విప్పి, మా భాషలో, గుహలోంచి వచ్చినట్టు గంభీరంగా పలికింది.

“ఆటెపో బాబూ, అడుగంటింది. ఇంక చాల్లే, ముగించు.”

ముసలమ్మలు నుదుటికి చేతులానించారు. గుర్తుపట్టినవాళ్ళు పెదాలు బిగబట్టుకుని నేల చూశారు. ఆ గొంతు గుర్తుపట్టనివాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉంటారు? అధికారికి మాత్రం మా భాష రాదు.

“సింహం మాట్లాడింది” అన్నాడాయన. “ఏమంటోంది?”

సెవీరస్‌ను నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను, ఇకపైనా చేస్తాను. కానీ ఆ క్షణంలో ఆయన నిలదొక్కుకున్న తీరు చూసి ముచ్చటేసింది. “ఈ నీటి దేవత దివోనా పలికింది” అన్నాడు. “మాటలు చాలించి నీళ్ళు తాగండని సెలవిచ్చింది.”

అధికారి కూడా ఎండలోనే నిలబడి ఉన్నాడు. “వివేకం గల దేవత” అన్నాడు మనస్ఫూర్తిగా. ఈలోగా ఆడవాళ్ళు బాల్చీలు కుమ్మరించారు, సింహం మళ్ళీ ధార కట్టింది. అధికారి దోసిలి పట్టి తాగి, మూతి తుడుచుకుని, నా అక్షరాలకేసి తలెత్తాడు. మొదటి నుంచి చివరిదాకా చదివాడు. మళ్ళీ చదివాడు.

“ఆమె పేరు ఎక్కడుంది?”

సెవీరస్ నాకేసి చూశాడు. నేను నా చెప్పులకేసి చూశాను.

“అది... చెక్కుతున్నారు. ఇంకా పూర్తి కాలేదు.”

పూర్తి చేయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. రాతిలో చోటు లేదు. చివరికి ‘తన సొంత సొమ్ముతో’ అన్న మాటను గీకేసి, లాటిన్ పద్ధతిలో మూడే మూడు అక్షరాలకు కుదించి, మిగిలిన జాగాలో దివోనమ్మను కూర్చోబెట్టాను. సెవీరస్ వచ్చి ఆ మూడక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. “మూడక్షరాలు జనానికి అర్థమవుతాయంటావా?” అని మాత్రం అడిగాడు. అవుతాయన్నాను. కావు.

పండగ సాయంత్రానికే నోనియస్ మోకాళ్ళ దాకా బురదతో తిరిగొచ్చాడు. ఆరో మైలు దగ్గర కాలవకు ఎవరో గండి కొట్టారట, పక్కనే క్యాబేజీ తోట ఉందట. ఆ మాట వినగానే బెల్లిక్క గొంతు సవరించుకుంది. ఆరో మైలు దగ్గర క్యాబేజీ తోట ఆమె తమ్ముడు కరంతోది. “ఆ రైతుకి లాటిన్ రాదు బాబూ, నేను వచ్చి మాట చెబుతా” అని మర్నాడు తనే బయల్దేరింది. ఎగువ ఇళ్ళలో నీళ్ళు పోస్తూ ఆమె నాలుగు లాటిన్ ముక్కలు పట్టుకుంది. గండి పూడ్చే రాతికి కొలత తీయాలని నన్నూ తీసుకెళ్ళారు.

కరంతో తోటలో నిలబడి ఉన్నాడు. క్యాబేజీలు నిగనిగలాడుతున్నాయి.

“ఏరా, కాలవ పగలగొట్టావా?”

“పగలగొట్టలేదక్కా. ఒక్క రాయి కదిలించా. మిగతాది అదే ఊడింది.”

“ఎందుకు కదిలించావు?”

“ఎందుకేంటి? రెండేళ్ళు నా గట్టు తవ్వారు. నా ఎద్దుల్తో నాచేత రాళ్ళు మోయించారు. ఇప్పుడు నా కళ్ళ ముందే నీళ్ళు పోతుంటే నా చేను ఎండాలా? ఇవి నావి కావని నాకెవరూ చెప్పలేదే. అయినా పండగ పూట ఊళ్ళో నీళ్ళెవరు తాగుతారక్కా, అందరూ బీరే కదా.”

“ఏమంటున్నాడు?” అని నోనియస్ అడిగాడు.

“రాయి దానంతటదే జారిందంట” అంది బెల్లిక్క.

నోనియస్ వంగి చూశాడు. గండి దగ్గర మొదలైన బోదె చక్కగా తిరిగి, ప్రతి వరసకూ ఒక పాయ చొప్పున, చివరి మొక్క దాకా వెళ్ళింది. మట్టం ఎక్కడా తప్పలేదు. “చాలా చదువుకున్న రాయి” అన్నాడాయన.

అంత పని చేసినందుకు కరంతోకు కొరడా దెబ్బలు తప్పవన్నారు. బెల్లిక్క తిన్నగా సెవీరస్ ఇంటికి వెళ్ళింది. లోపల ఏం జరిగిందో ఆ ఇంటి వంటమనిషి ద్వారా నాకు తెలిసింది. ఆమె బతిమాలలేదట. “నీ దయ బాబూ. కానీ ఆ సింహం ఇంకోసారి నోరు తెరిస్తే నేనేం చెయ్యలేను” అందట. సెవీరస్ ఆ మైలు కాలవకు కరంతోనే కావలి పెట్టాడు. పొంగిపోయే నీళ్ళు అతని తోటకు వదిలాడు. అంతకన్నా గట్టి కాపలాదారు దొరికేవాడు కాదు. పక్క చేనివాడు బాల్చీతో కాలవ దగ్గరికొచ్చినా కర్ర తీసుకుని వెంటపడేవాడు.

నీళ్ళు వచ్చాయి, ఆగలేదు. బెల్లిక్క కావడి ఇంటి గోడకు ఎక్కింది. మొదటి నెల ఆమె నా కొట్టుకు రాలేదు. నేనే వెళ్ళాను. గడపలో కూర్చుని ఉంది.

“భుజం మీద బరువు లేకపోతే నడుస్తుంటే తూలుతున్నా తస్కో” అంది. “నవ్వకు. నిజంగానే తూలుతున్నా.”

నేను నవ్వలేదు. ఫౌంటెన్ దగ్గర ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారని చెప్పాను. ముందొచ్చినవాళ్ళెవరో, వెనకొచ్చినవాళ్ళెవరో తేల్చే దిక్కు లేదు. ఆమె కళ్ళు కొద్దిగా మెరిశాయి.

“ఉన్ని వ్యాపారి పెళ్ళాం కూడా ఉందా?”

“ఆవిడే మొదలుపెట్టింది.”

మర్నాడు పొద్దున్న బెల్లిక్క ఫౌంటెన్ గట్టు మీద కూర్చుంది. ఎవరూ నియమించలేదు. వరస ఎవరిదో ఆమే చెప్పేది, ఎదురాడితే ఆ ఇంటి గుట్టు ఒకటి పైకి తీసేది. వారం తిరిగేసరికి అంత క్రమం మా నగరసభలో కూడా లేదు. పైగా పద్నాలుగు ఇళ్ళ కబుర్లు పోయి ఊరందరి కబుర్లూ ఆమె చేతికొచ్చాయి. సింహం నోట పలికింది ఎవరని పిల్లలడిగితే, “నాకేం తెలుసు, నేను నీళ్ళు మోస్తున్నా” అనేది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆమె కూడా దాన్ని నమ్మడం మొదలుపెట్టిందని నా అనుమానం.

ఇలా ఆరేడేళ్ళయ్యాక నోనియస్ కాలవ శుభ్రం చేయించడానికి వచ్చాడు. “నువ్వు రోజూ పంచే నీళ్ళు ఎక్కడ పుడతాయో ఎప్పుడైనా చూశావా అమ్మా?” అన్నాడు. చూడలేదు. తమ్ముడి గాడిద మీదెక్కి ఆయన వెంట తొమ్మిది మైళ్ళూ వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ఏదో పెళ్ళికి వెళ్తున్నట్టు జడ వేసుకుంది.

రెండో రోజు సాయంత్రం తిరిగొచ్చి, మూతి గట్టిగా కట్టిన కూజా ఒకటి నా బల్ల మీద పెట్టింది. మొహం తేడాగా ఉంది.

“తస్కో, ఒక చిక్కొచ్చిపడింది.”

“ఏమైంది?”

“అక్కడి ఊట దివోనమ్మది కాదురా. ఆ కొండవాళ్ళు ముగ్గురమ్మలని కొలుస్తారు. ఊట పక్కన రాతిలో ముగ్గురు కూర్చుని ఉన్నారు, ఒళ్ళో పళ్ళు పెట్టుకుని. మనం తాగేది వాళ్ళ నీళ్ళు. రాయి మీద పేరేమో ఈవిడది.”

నేను ఉలి కింద పెట్టాను. ముగ్గురమ్మలకు చోటు కావాలంటే ఇక సెవీరస్ పేరే గీకాలి. ఆ మాటే అన్నాను. ఆమె ఆ సంగతి కొంచెం ఎక్కువసేపే ఆలోచించింది.

“వద్దులే” అంది చివరికి. “పాపం, ఆటెపో పెద్దవాడవుతున్నాడు. తట్టుకోలేడు. ఆ ముగ్గురూ, మన అమ్మా, అందరూ అక్కచెల్లెళ్ళే అయ్యుంటారు. నీళ్ళు నీళ్ళకి పరాయివా? మాట పట్టింపు రాకుండా నేనే సర్ది చెప్పుకుంటా.”

కూజా చంకన పెట్టుకుని దిగువ తోపుకు నడిచింది. కొండ ఊట నీళ్ళు తీసుకెళ్ళి దివోనమ్మ ఊటలో పోసిందని, పోసేముందు ఇరుపక్షాలనూ పేరుపేరునా పరిచయం చేసిందని తర్వాత చెప్పింది. మిగతా మాటలేం జరిగాయో చెప్పలేదు. చాలాసేపే పట్టింది. దీపాలు పెట్టే వేళకు మా ఇంటికొచ్చి, మా ఆవిడ చేసిన కాయధాన్యాల జావ రెండు గిన్నెలు తాగి, ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్ళిపోయింది.